గడప దగ్గర జారిపోయే వోల్టులు

పెరోవ్‌స్కైట్ సౌరఘటంలో ఒక పొరకు ఎలక్ట్రాన్ రవాణా పొర అని పేరు పడింది. ఆ పేరే ఎంతో పరిశోధనను పక్కదారి పట్టించిందని నా అభియోగం. రవాణా అనగానే దారి గుర్తొస్తుంది. దారి అనగానే దాని వెడల్పూ నునుపూ, దాని మీద బండి వేగమూ గుర్తొస్తాయి. అలా, ఈ పొరను మెరుగుపరచడమంటే ఎలక్ట్రాన్లు మరింత జోరుగా పరుగెత్తే పదార్థాన్ని వెతికిపెట్టడమే అన్న నమ్మకం సమీక్షా వ్యాసాల్లోకీ, పరిశోధక విద్యార్థుల సిద్ధాంత గ్రంథాల మొదటి అధ్యాయాల్లోకీ చప్పుడు లేకుండా చేరిపోయింది. ఆ అధ్యాయాల్లో తరచూ ఒక పట్టిక కనిపిస్తుంది. ఒక వోల్టుకు, ఒక సెకనుకు, చదరపు సెంటీమీటర్లలో ఎలక్ట్రాన్ చలనశీలత ఎంతో అందులో రాస్తారు: టైటానియం డయాక్సైడ్‌కు ఒకటి లేదా అంతకన్నా తక్కువ, జింక్ ఆక్సైడ్‌కు సుమారు 200, టిన్ ఆక్సైడ్‌కు 240 దాకా. దాని కింద ఒక వాక్యం: కాబట్టి టిన్ ఆక్సైడ్ మేలు. ఆ అంకెలతో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ ‘కాబట్టి’తోనే.

ఘటం లోపల జరిగే పని సూటిగా చెప్పుకుంటే ఈ పేచీ ఎక్కడిదో తెలుస్తుంది. సుమారు అర మైక్రాన్ మందమున్న పెరోవ్‌స్కైట్ పొర వెలుతురును మింగి ఒక ఎలక్ట్రాన్‌నూ, అది లేచిపోయిన చోట ఒక ఖాళీనీ పుట్టిస్తుంది. ఆ ఖాళీని పాఠ్యపుస్తకాలు రంధ్రం అంటాయి. ఈ రెండూ ఒకదాన్నొకటి మళ్లీ చేరేలోగా ఎలక్ట్రాన్‌ను ఒక వైపుకూ రంధ్రాన్ని రెండో వైపుకూ పంపించేస్తే కరెంటు. పంపించలేకపోతే అవి మళ్లీ కలిసిపోతాయి, దీన్నే పునఃసంయోగం అంటారు; ఆ శక్తి వేడిగానో మసక వెలుగుగానో పోతుంది. ఎలక్ట్రాన్ వైపు ఉన్న పొర చేయాల్సిన పనులు మూడు: ఎలక్ట్రాన్‌ను రానివ్వాలి, రంధ్రాన్ని ఆపాలి, ఆ రెండూ కలుసుకునే చాటుమాటు చోట్లు తన ఉపరితలం మీద లేకుండా చూసుకోవాలి. చెరువుకు తూము ఉన్నట్టు ఘటానికి ఈ పొర. కాలువ ఎంత వెడల్పుగా తవ్వినా తూము చుట్టూ గట్టు కారిపోతుంటే చెరువు నిలవదు. రవాణా పొర పేరుతో మనం కొలుస్తున్నది కాలువను. నీళ్లు పోతున్నది గట్టు దగ్గర.

ఇది ఉపమానంతో తేలే సంగతి కాదు గనక లెక్క వేద్దాం. మంచి ఘటం ఎండలో చదరపు సెంటీమీటరుకు సుమారు 25 మిల్లీయాంపియర్ల కరెంటు ఇస్తుంది. టిన్ ఆక్సైడ్ పొర మందం 30 నానోమీటర్లు అనుకుందాం. దాని వాహకతను కావాలనే తక్కువగా, సెంటీమీటరుకు ఒక సీమెన్స్‌లో లక్షో వంతుగా తీసుకుందాం. ఆ కరెంటు ఆ పొరను దాటడానికి ఖర్చయ్యే వోల్టేజి 7.5 మిల్లీవోల్టులు. ఇప్పుడు ఏదో లోహాన్ని కలిపి వాహకతను పది రెట్లు పెంచారనుకోండి. ఖర్చు ముప్పాతిక మిల్లీవోల్టుకు దిగుతుంది, ఏడు మిల్లీవోల్టులు కూడా మిగలవు. మరో పది రెట్లు పెంచితే మిగిలేది మిల్లీవోల్టు కూడా కాదు. ఇటు ఉపరితలం సంగతి చూడండి. గది ఉష్ణోగ్రతలో, వెలుతురుగా తిరిగి వచ్చే పునఃసంయోగపు వాటా పది రెట్లు పడిపోయినప్పుడల్లా ఘటం దాదాపు 60 మిల్లీవోల్టులు పోగొట్టుకుంటుంది. ఇది ఉష్ణగతిక శాస్త్రం విధించే పన్ను, ఏ పదార్థానికీ మినహాయింపు లేదు. లోపాలతో నిండిన ఉపరితలం ఆ వాటాను పది రెట్లేం ఖర్మ, వంద రెట్లయినా పడగొట్టగలదు. రూపాయల మూట చిల్లి వైపు చూడకుండా పైసలు ఏరుకోవడం అంటే ఇదే.

చరిత్ర కూడా మొదటినుంచీ ఇదే చెబుతోంది, వినిపించుకోలేదంతే. 2009లో జపాన్‌లోని తోయిన్ విశ్వవిద్యాలయంలో త్సుతోము మియసాకా బృందం చేసిన మొదటి ఘటం సామర్థ్యం 3.8 శాతం. అది రంజక ఘటాల వంశంలో పుట్టింది. ఆ వంశంలో వెలుతురును మింగే రంజకానికి ఎలక్ట్రాన్‌ను మోసుకుపోయే శక్తి లేదు. అందుకని టైటానియం డయాక్సైడ్ నిజంగానే మోత పని చేసేది. రవాణా పొర అన్న భావన, ఆ మాట, రెండూ అక్కడి అరువు సొమ్ము. 2012లో ఆక్స్‌ఫర్డ్‌లోని హెన్రీ స్నెయిత్ బృందం, మియసాకాతో కలిసి, సచ్ఛిద్రమైన టైటానియం డయాక్సైడ్ పొరను తీసేసి అల్యూమినా పెట్టింది. అల్యూమినా అంటే అచ్చమైన విద్యుత్ బంధకం. ఎలక్ట్రాన్‌కు అందులో కాలు మోపే చోటే లేదు. రవాణాయే ప్రాణమైతే ఆ ఘటం చచ్చిపోవాలి. అది 10.9 శాతం సామర్థ్యాన్నీ, 1.1 వోల్టు దాటిన వోల్టేజినీ ఇచ్చింది. ఎలక్ట్రాన్లను పెరోవ్‌స్కైటే మోసుకుపోయింది. అడుగున పలుచని గట్టి టైటానియం డయాక్సైడ్ పొర అలాగే ఉంది కదా అని అడగవచ్చు. ఉంది. మోసే పని లేని ఆ పలుచని పొర రంధ్రాలను ఆపే కాపలా ఒక్కటే చేసింది, అదే చాలింది. రెండేళ్ల తర్వాత కెనడాలోని సస్కాచెవాన్ విశ్వవిద్యాలయంలో తిమొతీ కెల్లీ బృందం ఆ పొర కూడా లేకుండా పారదర్శక వాహకం మీదనే పెరోవ్‌స్కైట్ పోసి 13.5 శాతం సాధించింది. మోత కోసం ఈ పొర అక్కర్లేదని అంతకన్నా ఎలా చెప్పాలి?

అదే కెల్లీ బృందం దగ్గర మరో కథ ఉంది. పట్టిక వాదానికి ఇంతకన్నా గట్టి దెబ్బ నాకు కనిపించలేదు. 2014లో వాళ్లు జింక్ ఆక్సైడ్ నానోకణాలను 25 నానోమీటర్ల పలుచని పొరగా పూసి, 500 డిగ్రీల కొలిమి అక్కర్లేకుండా 15.7 శాతం ఘటం చేశారు. చలనశీలత ఎక్కువ, కాల్చే పని లేదు, ప్లాస్టిక్ మీద కూడా పూయవచ్చు. పట్టిక ప్రకారం ఆట ముగిసినట్టే. మరుసటి ఏడాది వాళ్లే ఇంకో పత్రం వెలువరించారు: జింక్ ఆక్సైడ్ మీద పోసిన పెరోవ్‌స్కైట్‌ను వేడి చేస్తే నల్లని పొర పసుపు రంగుకు తిరిగిపోతోంది. జింక్ ఆక్సైడ్ ఉపరితలానికి క్షార గుణం ఉంది. అది పెరోవ్‌స్కైట్‌లోని మిథైల్ అమ్మోనియం నుంచి ఒక ప్రోటాన్‌ను లాగేసుకుంటుంది. మిథైల్ అమీన్ వాయువుగా లేచిపోతుంది, మిగిలేది పసుపు పచ్చని లెడ్ అయొడైడ్. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అన్నట్టు, 200 చలనశీలత ఉన్న పదార్థం తన పొరుగునే తినేస్తోంది. తమ సొంత విజయాన్ని తామే ఇలా విప్పి చూపిన నిజాయితీకి ఆ బృందానికి దండం పెట్టాలి. కానీ చలనశీలత పట్టికలో ఉపరితలపు ఆమ్ల క్షార స్వభావానికి గడి ఎక్కడుంది? ఆ గడిని ఆ తర్వాతైనా ఎవరు చేర్చారు?

అయితే టిన్ ఆక్సైడ్ గెలిచింది కదా, దాని చలనశీలత ఎక్కువ కదా అన్నది వెంటనే వచ్చే ప్రశ్న. గెలిచిన మాట నిజం. 2016లో జింగ్బీ యూ బృందం టిన్ ఆక్సైడ్ నానోకణాలతో 20 శాతం అంచుకు చేరాక ప్రయోగశాలలు బారులు తీరి అటు నడిచాయి. కానీ 240 అన్నది ఏకస్ఫటికంలో కొలిచిన అంకె. 150 డిగ్రీల వద్ద ఆరబెట్టిన నానోకణాల పొర ఏకస్ఫటికం కాదు. ఒక్కో కణం కొన్ని నానోమీటర్లు, కణానికీ కణానికీ మధ్య సరిహద్దు, ఆ సరిహద్దులో నీరు, హైడ్రాక్సిల్, మిగిలిపోయిన లవణాలు. ఆ పొరకు పట్టికలోని అంకెను అంటగట్టడం, పెళ్లిచూపులకు తాతగారి ఫొటో చూపించడం లాంటిది. పోనీ చలనశీలతే తేలుస్తుందనుకుంటే, గది ఉష్ణోగ్రతలో 300 దాటే ఏకస్ఫటిక చలనశీలత ఉన్న లాంథనం కలిపిన బేరియం స్టానేట్ అందరినీ ఓడించాలి. 2017లో కొరియాలో సాంగ్ ఇల్ సియోక్ బృందం దాంతో 21.2 శాతం చేసింది. అదే ఏడాది అదే బృందం, అందరూ ఈసడించే సచ్ఛిద్ర టైటానియం డయాక్సైడ్ మీద 22.1 శాతం చేసింది. రెండింట్లో పెరోవ్‌స్కైట్ ఒకటి కాదు, కాబట్టి ఇది సరాసరి పోటీ కాదని ఒప్పుకోవాలి. బేరియం స్టానేట్ అసలు గొప్పతనం వెలుతురులో నిలకడ. అయినా పట్టికను నమ్మినవాడు ఏ గుర్రం మీద పందెం కాసేవాడో, ఏ గుర్రం ముందు వచ్చిందో చూస్తే చాలు.

పదార్థాన్ని మార్చకుండా ఉపరితలాన్నే మార్చిన ప్రయోగాలు ఇంకా సూటిగా మాట్లాడతాయి. 2017లో టొరంటోలో టెడ్ సార్జెంట్ బృందం 150 డిగ్రీల లోపు తయారుచేసిన టైటానియం డయాక్సైడ్ నానోకణాల ఒంటికి క్లోరిన్ తొడిగింది. కణం అదే, చలనశీలతను పెంచే మంత్రమేమీ లేదు. వోల్టేజిని ఎక్కించేటప్పుడు ఒకలా, దించేటప్పుడు ఇంకోలా గీత సర్పంలా వంకర తిరిగే హిస్టెరిసిస్ దాదాపు మాయమై, ధ్రువీకరించిన సామర్థ్యం 20 శాతం దాటింది. 2021లో సియోక్ బృందం ఇదే తర్కాన్ని టిన్ ఆక్సైడ్ మీద నడిపింది. క్లోరిన్ బంధాలున్న టిన్ ఆక్సైడ్ మీద పెరోవ్‌స్కైట్‌ను పెంచి, రెండింటి మధ్య పరమాణు వరసలు అతుకు తెలియకుండా కలిసే ఒక సన్నని పొరను పుట్టించి, 25.5 శాతం ధ్రువీకరణ తెచ్చుకుంది. అదే ఏడాది అమెరికాలోని ఎంఐటీకి చెందిన మౌంగీ బవెండీ, కొరియాలోని జాంగ్వన్ సియో బృందాలు కలిసి, టిన్ ఆక్సైడ్‌ను రసాయన స్నానంలో నిక్షేపిస్తూ ఆ ద్రావణపు పీహెచ్ ఎప్పుడు ఎంత మారుతోందో గమనిస్తూ, పొర ఎక్కడా చిల్లులు లేకుండా, లోపాలు తక్కువగా వచ్చే దశను పట్టుకున్నాయి. 25.2 శాతం వచ్చింది. ఈ మూడు పత్రాలనూ రవాణా మెరుగుదల అనే పద్దులో జమకట్టేవాళ్లున్నారు. వాటిలో కష్టపడి చేసిన పని అంతా చర్మానికి సంబంధించినదే.

ఇక ఎలక్ట్రాన్ పొరను పైన వేసి తలకిందులుగా కట్టే ఘటాల్లో ఎలక్ట్రాన్ వైపు ఉండేది ఫుల్లరిన్ అనే కార్బన్ అణువు, ముఖ్యంగా సీ60. అది ఎలక్ట్రాన్లను ఇట్టే లాక్కుంటుందన్న పేరుంది, ఆ పేరు నిజమే. కానీ జర్మనీలోని పోట్స్‌డామ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ఒక సాదా పని చేశారు. గాజు మీద వట్టి పెరోవ్‌స్కైట్ ఎంత వెలుగుతోందో కొలిచారు, దాని మీద సీ60 పూసి మళ్లీ కొలిచారు. వెలుగు భారీగా పడిపోయింది. ఘటం పోగొట్టుకునే వోల్టేజిలో పెద్ద వాటా పెరోవ్‌స్కైట్ లోపల కాకుండా ఆ అతుకు దగ్గరే పోతోందన్నమాట. మందు ఏం వేశారనుకున్నారు? సీ60కీ పెరోవ్‌స్కైట్‌కీ మధ్య ఒక నానోమీటరు అటూఇటూగా లిథియం ఫ్లోరైడ్. లిథియం ఫ్లోరైడ్ ఎంతటి బంధకమో భౌతికశాస్త్రం చదివినవారికి చెప్పనక్కర్లేదు. రంధ్రాల వైపు కూడా ఒక పలుచని పాలిమర్ పొర చేర్చి, ఒక చదరపు సెంటీమీటరు ఘటంలో 20 శాతానికి చేరారు. ఎలక్ట్రాన్ల దారికి అడ్డంగా బంధకాన్ని వేస్తే ఘటం మెరుగుపడింది! రవాణా వాదం ఈ ఒక్క ఫలితాన్ని ఎలా జీర్ణించుకుంటుందో నాకు అర్థం కాదు.

ఎదుటివారి పక్షాన చెప్పాల్సింది లేకపోలేదు. పైన వేసిన లెక్కలో 30 నానోమీటర్ల బదులు 200 నానోమీటర్ల మందం పెట్టండి, 50 మిల్లీవోల్టులు పోతాయి. మందపు సచ్ఛిద్ర పొరలు వాడిన రోజుల్లో టైటానియం డయాక్సైడ్‌కు లిథియం కలిపితే ఫలితం ఎందుకు కనిపించిందో దాంతో కొంత తెలుస్తుంది. ఫుల్లరిన్ ఉత్పన్నాలను మందంగా పూసినా ఫిల్ ఫ్యాక్టర్, అంటే గరిష్ఠ కరెంటు, వోల్టేజిల లబ్ధంలో నిజంగా చేతికందే శక్తి వాటా, కుంగుతుంది. అంటే వాహకత ఒక కనీస అర్హత. గుమాస్తా ఉద్యోగానికి పదో తరగతి పాసై ఉండాలి, సరే. పాసైన వాళ్లలో ఎవరు మంచి గుమాస్తా అన్నది పదో తరగతి మార్కులు చెప్పవు. పెద్ద పలకల్లో దూరం ఎక్కువ గనక రవాణా ముఖ్యమవుతుందన్న వాదన కూడా వింటుంటాం, అది పొరపాటు. పలక ఎంత పెద్దదైనా ఎలక్ట్రాన్ ఈ పొరను నిలువునా, అవే కొద్ది నానోమీటర్లు దాటుతుంది. అడ్డంగా సెంటీమీటర్లు ప్రయాణించేది పారదర్శక వాహకంలో. విస్తీర్ణం పెరిగితే పెరిగే ప్రమాదం వేరు: పొరలో చిల్లులు. ఒక్క చిల్లి దగ్గర పెరోవ్‌స్కైట్ వాహకాన్ని తాకితే అక్కడ కాపలా లేనట్టే. 2022లో కొరియా పరిశోధకులు గరుకైన గాజు ఎత్తుపల్లాలన్నిటినీ అంటిపెట్టుకునేలా టిన్ ఆక్సైడ్ క్వాంటమ్ డాట్లను పరిచి, 64 చదరపు సెంటీమీటర్ల మాడ్యూల్‌లో 20.6 శాతం తెచ్చింది ఆ చిల్లులు మూయడం వల్లే.

శక్తి స్థాయిల పొంతన అన్నది రెండో అభ్యంతరం. ఇది మొదటిదానికన్నా బలమైనది. టిన్ ఆక్సైడ్ వాహక పట్టీ అంచు, అంటే ఎలక్ట్రాన్లు తిరగగల శక్తి స్థాయిల కింది హద్దు, పెరోవ్‌స్కైట్ అంచుకు బాగా కిందికి ఉంటే వోల్టేజి పోతుంది, బాగా పైకి ఉంటే ఎలక్ట్రాన్ ఆగిపోతుంది. ఇందులో వివాదం లేదు. వివాదమంతా ఆ అంచులను పుస్తకం చూసి రాసుకోవడం దగ్గర. ఒకే టిన్ ఆక్సైడ్ అంచు, దాని ఉపరితలం మీద ఏ అయాన్లు అంటుకున్నాయో, పొర ఎలా తయారైందో దాన్నిబట్టి వోల్టులో పదో వంతుల్లో కదులుతుంది. పొంతన కూడా చివరికి ఉపరితలపు సంగతే. ఇక్కడే ఒక దురలవాటు గురించి చెప్పకుండా ఉండలేను. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం తయారుచేసిన స్కాప్స్ అనే ఏకమితీయ సాఫ్ట్‌వేర్ ఉంది. దాన్ని పరిశోధకులకు ఉచితంగా ఇస్తారు. ఘటాలు తయారుచేయడానికి గాలి చొరని గ్లోవ్‌బాక్స్ కొనలేని మన విశ్వవిద్యాలయాలకు అది వరమే. కానీ దాంతో జరుగుతున్నది చూడండి. ఆరేడు ఎలక్ట్రాన్ పొరల చలనశీలతలనూ అంచులనూ పుస్తకాల నుంచి తెచ్చి పెడతారు, అతుకు దగ్గరి లోపాల సాంద్రతను మాత్రం అన్నిటికీ ఒకే అంకెగా వదిలేస్తారు. యంత్రం విధేయంగా చలనశీలత, అంచుల క్రమంలోనే ర్యాంకులిచ్చి, ఇంతవరకు ఎవరూ చేయని సామర్థ్యాలను తెరమీద చూపిస్తుంది. పిండి వేసిన గిన్నెలోంచి పిండే వస్తుంది మరి. జింక్ ఆక్సైడ్ పక్కవాడిని తినేస్తుందని ఆ సాఫ్ట్‌వేర్‌కు ఎవరూ చెప్పలేదు. అదే పనిముట్టులో అతుకు లోపాలను లక్ష రెట్ల మేర మార్చి చూస్తే, పొరల పేర్లకన్నా ఆ ఒక్క అంకె ఫలితాన్ని ఎంతగా శాసిస్తుందో ఒక మధ్యాహ్నంలో తేలిపోతుంది. ఆ బొమ్మ వేసిన పత్రాలు అరుదు.

హిస్టెరిసిస్ విషయంలోనూ ఇదే గందరగోళం. వోల్టేజిని పైనుంచి కిందికి దించితే ఒక సామర్థ్యం, కిందినుంచి పైకి ఎక్కిస్తే ఇంకో సామర్థ్యం వచ్చే ఈ జబ్బును 2014లో స్నెయిత్ బృందం గట్టిగా బయటపెట్టింది. టైటానియం డయాక్సైడ్ ఎలక్ట్రాన్లను నిదానంగా తీసుకోవడమే కారణమనీ, వేగవంతమైన పొర వేస్తే నయమవుతుందనీ ఒక మాట స్థిరపడింది. ఫుల్లరిన్‌తో నిజంగానే వంకర కనపడకుండా పోయింది. కానీ లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 2016లో చూపిందేమిటంటే, వంకర కనపడని ఘటాల్లో కూడా, ఆ వంకరకు మూలమైన పెరోవ్‌స్కైట్ లోపలి అయాన్లు హాయిగా తిరుగుతూనే ఉన్నాయి. అతుకు దగ్గర పునఃసంయోగం తగ్గినందువల్ల ఆ తిరుగుడు గీతలో కనిపించడం మానేసింది. జ్వరం తగ్గిందని థర్మామీటరు చెబితే జబ్బు పోయిందనుకున్నట్టు, వేగానికి కీర్తి దక్కింది.

నిలకడ దగ్గరికొస్తే ఈ తేడా డబ్బు రూపంలో కనిపిస్తుంది. కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గరి వెయ్యి మెగావాట్ల సౌర పార్కు లాంటి చోట పలక ఎండాకాలంలో గాలికన్నా ఎన్నో డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది, అతినీలలోహిత కిరణాలు ఏళ్ల తరబడి తగులుతాయి. 2013లోనే ఆక్స్‌ఫర్డ్ బృందం ఒక విచిత్రం గమనించింది. టైటానియం డయాక్సైడ్ ఘటాన్ని గాలి చొరకుండా మూసివేస్తే, మూయనిదానికన్నా త్వరగా పాడవుతోంది. కారణం ఆ ఆక్సైడ్ ఉపరితలంలో ఆక్సిజన్ లేని ఖాళీలు. గాలిలోని ఆక్సిజన్ వాటిని కప్పి ఉంచుతుంది. అతినీలలోహిత కిరణాలు ఆ కప్పును ఊడగొడతాయి. మూసిన పెట్టెలో మళ్లీ కప్పడానికి ఆక్సిజన్ ఉండదు, ఎలక్ట్రాన్లు ఆ ఖాళీల్లో చిక్కుకుంటాయి. సచ్ఛిద్ర టైటానియం డయాక్సైడ్ బదులు అల్యూమినా ఉన్న ఘటం మాత్రం పూర్తి వర్ణపటం కింద వెయ్యి గంటలు కరెంటును నిలబెట్టింది. పైన అతినీలలోహిత కిరణాల వడపోత వేస్తే సరిపోతుంది కదా అంటారు. వేయవచ్చు, కొంత కరెంటు వదులుకుని. రోగానికి మూలం ఉపరితలంలో ఉందని ఒప్పుకున్నాక వేసే గొడుగు అది. మోత వేగాన్ని ఎంత పెంచినా ఆ గొడుగు అవసరం తీరదు.

మిగిలింది అవతలి అంచున నిలబడ్డవాళ్ల మాట: ఈ పొర గోల ఎందుకు, పెరోవ్‌స్కైట్ స్ఫటికాన్ని బాగు చేస్తే చాలు, తక్కినవన్నీ తోడిపెళ్లికూతుళ్లు అని. 1.55 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి అంతరం ఉన్న పెరోవ్‌స్కైట్‌కు సిద్ధాంతం అనుమతించే వోల్టేజి సుమారు 1.27 వోల్టులు. స్ఫటికం బాగా లేని రోజుల్లో ఆ వాదనకు విలువ ఉండేది. ఇప్పుడు వట్టి పొరగా ఉన్నప్పుడు ఆ హద్దుకు దగ్గరగా వెలిగే పెరోవ్‌స్కైట్‌లు మన చేతిలో ఉన్నాయి, పొరలు తొడిగాకనే అవి వెనక్కి పోతున్నాయి. అందుకే ఎలక్ట్రాన్ పొర మీద పత్రం రాసేవాళ్లు మూడు కొలతలు ముద్రించాలని అడగడం అత్యాశ కాదనుకుంటాను: వట్టి పెరోవ్‌స్కైట్ వెలుగు, దానికి ఆ పొర తొడిగాక వెలుగు, పూర్తి ఘటం వోల్టేజి. ఒక లేజరు, ఒక డిటెక్టరు ఉంటే అయిపోయే పని. చలనశీలత పట్టిక వేయడానికి పట్టే చోటులోనే ఇది పడుతుంది. అతుకు మీద ముందే దృష్టి పెట్టినవాళ్లు ఎక్కడికి చేరారో సిలికాన్ మీద పెరోవ్‌స్కైట్ పేర్చిన జంట ఘటాల రికార్డులు చూస్తే తెలుస్తుంది. బెర్లిన్‌లోని హెల్మ్‌హోల్ట్స్ కేంద్రం 32.5 శాతం చేరడానికి పెరోవ్‌స్కైట్‌కూ సీ60కీ మధ్య పైపరజీనియం అయొడైడ్ అనే అయానిక ద్రవ్యాన్ని పూసింది. చైనా కంపెనీ లాంగీ 33.9 శాతం దగ్గర అదే చోట లిథియం ఫ్లోరైడ్‌నూ ఒక డైఅమ్మోనియం అయొడైడ్ అణువునూ అల్లిక చేసి పరిచింది. రెండు చోట్లా రవాణా పొర మాత్రం 1985లో కనుగొన్న ఆ పాత సీ60యే, దాని చలనశీలతను ఎవరూ ముట్టుకోలేదు.